అందరికీ ఎనిమిది శాతం

నేను మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే, ఆయన కుర్చీలో కూర్చుని నాకు థాంక్స్ చెప్పడం నేర్పుతున్నాడు. "'యాజమాన్యం వారి పెద్ద మనసుకు' అన్నచోట కాస్త ఆగు. గొంతు కొంచెం వణికితే ఇంకా బాగుంటుంది" అన్నాడు. వణకడం కూడా నా పనేనట.

మాది చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. నేను కాలర్లు కుడతాను, ఆయన అక్కడే స్టోర్‌లో గుమాస్తా. ఏటా జీతాలు పెంచే రోజున, కుట్టేవాళ్లలో అందరికన్నా పాతావిడ లేచి ఓనర్‌కి థాంక్స్ చెప్పాలి. ఈ ఏడు ఆ వంతు నాది. నేను బాగా చదివితే తనకు ఇన్‌చార్జి పోస్టు ఖాయమని ఆయన ఆశ. కాగితం ఆయనే రాశాడు. "నీకు మాట్లాడ్డం ఏం వచ్చు, చూసి చదివెయ్ చాలు" అన్నాడు. లోపల్నుంచి మా అత్తగారు అందుకుంది, "దాని జీతమెంతని, కూరగాయలకే సరి" అని. పద్దెనిమిదేళ్లుగా ఇంటిల్లిపాదీ ఆ కూరగాయలే తింటున్నారు, ఎవరి గొంతుకీ అడ్డం పడలేదు.

అందరికీ సమానంగా ఎనిమిది శాతం అని ఓనర్ ఏటా చెప్తాడు, మేం చప్పట్లు కొడతాం. నేనూ నమ్మాను. చేరినప్పుడు నాకు రెండు వేలు, మా ఆయనకు నాలుగు, మేనేజర్‌కి ఇరవై. ఇప్పుడు నాకు ఎనిమిది, ఈయనకు పదహారు, మేనేజర్‌కి ఎనభై. ఆ లెక్క మా ఆయనే గొప్పగా చెప్పేవాడు. ఇస్త్రీ చేస్తూ లెక్కేస్తే, నాకూ మేనేజర్‌కీ మధ్య పద్దెనిమిది వేలున్న తేడా డెబ్బై రెండు వేలయింది. ఒకే శాతం అంటూనే ఇంత దూరం నెట్టేశారా మమ్మల్ని? పాలవాడు నాకో రేటు, మేనేజర్‌కో రేటు వేయడు కదా. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ చొక్కా కాలకపోవడం ఆయన అదృష్టం.

మర్నాడు భోజనాల షెడ్డులో ఓనర్, మేనేజర్ల ముందు అందరం కింద కూర్చున్నాం. నేను లేచి కాగితం మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. గొంతు మాత్రం వణకలేదు.

"ఈసారి శాతం వద్దు సార్. అందరికీ ఒకే మొత్తం పెంచండి. మీరిచ్చే ఎనిమిది శాతం నాకు ఆరు వందల నలభై, మేనేజర్ గారికి ఆరు వేల నాలుగు వందలు."

మా ఆయన తల దించుకున్నాడు. మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. "అలా కుదరదమ్మా, కూర్చో" అన్నాడు ఓనర్.

కూర్చున్నాను. అందరూ అలాగే కూర్చున్నారు. బెల్లు మోగింది, ఒక్కరూ లేవలేదు. నా పక్కన గుండీలు కుట్టే అక్క "నాకు మోకాళ్ల నొప్పులు, లేవలేను" అంది తాపీగా. అందరికీ ఒక్కసారే మోకాళ్ల నొప్పులొచ్చాయి. బయట లారీ సరుకు కోసం హారన్ కొడుతూనే ఉంది. మూడు గంటలకి ఓనర్ మళ్లీ వచ్చి, అందరికీ తలా పదిహేను వందలు అని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. అప్పుడు లేచాం, అందరి మోకాళ్లూ బాగానే ఉన్నాయి.

ఇంటికొచ్చేదాకా ఆయన నాకు పది అడుగులు ముందే నడిచాడు. తనకు కూడా శాతం లెక్కన వచ్చేదానికన్నా ఎక్కువే వచ్చిందని లెక్క చూసుకోనేలేదు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ అన్నాడు, "నా ఇన్‌చార్జి పోస్టు పోయింది. ఇప్పుడు సంతోషమేనా నీకు?"

"చాలా సంతోషంగా ఉందండీ" అన్నాను.