బోదగడ్డి కింద బూజు

నేను ఒక బూజును. చదువుకున్నవాళ్లు శిలీంధ్రం అంటారు గానీ, ఆ మాట పలికేసరికి వాళ్లకే నాలుక తడబడుతుంది. బూజు అనే అనుకోండి, నాకేమీ బాధ లేదు. కొంచెం ఉంది. వాన పడగానే గొడుగు విప్పుకుని పైకి లేచే ఘరానా జాతి కాదు మాది. సాలెపోగు కన్నా సన్నని దారాలుగా గడ్డివేళ్లలో దూరి బతుకుతాను. వేరు చొరబడలేని సందుల్లోంచి నీళ్లూ సారమూ తెచ్చి గడ్డికిస్తాను. గడ్డి ఎండలో వండుకున్న తీపిలో కొంత నాకు పెడుతుంది. చాలాకాలం దీన్ని నేను చేసే దానధర్మం అనుకున్నాను. నిజానికది కూలిపని.

నేను పుట్టింది అనంతపురం వైపు ఒక గుట్టవాలులో, కురుబ కరియప్ప బీడులో. బోదగడ్డి, గరిక, మధ్యమధ్య వెంపలి మొక్కలు. కరియప్ప, అతని భార్య మారెక్క ఆ గడ్డి మీదే గొర్రెల్ని సాకేవాళ్లు. మేత తరిగిన ఎండాకాలంలో కరియప్ప మందను తోలుకుని తుంగభద్ర కాలువల దాకా పోయి, వానలు పడ్డాక తిరిగొచ్చేవాడు.

ఆ నడక మీద అతనికి విసుగు పుట్టింది. ఒక పెళ్లిలో సేద్యగాళ్లంతా మంచాల మీద కూర్చుని, ఇతన్ని మాత్రం గొర్రెల వాసనని దూరంగా కూర్చోబెట్టారట. ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. మందలో సగానికి పైగా అమ్మేసి, బీడు దున్నించి వేరుశెనగ వేస్తానన్నాడు. గడ్డి పోతే మిగిలిన గొర్రెలు మన్ను తింటాయా అని మారెక్క అడిగింది. అతను వినలేదు. ట్రాక్టరు వచ్చిన పొద్దున ఆమె చూడలేక గొర్రెల్ని గుట్ట అవతలికి తోలుకుపోయింది.

ఆ నేలను పట్టి నిలిపేది నేనేనని అప్పటిదాకా నాకు మహాగర్వం. మొదటి సాలుకే పోగుపోగునా తెగిపోయాను.

ఆ ఏడు వానలు కురిశాయి, కాయ విరగకాసింది. కరియప్ప మీసం దువ్వాడు. మట్టిలో ముక్కలుగా మిగిలిన నేను, మీసం లేకపోయినా, దువ్వుకున్నాను. మరుసటి ఏడు ఇంకా పండాలని సూపర్ ఫాస్ఫేట్ మూటలకు మూటలు చల్లాడు. సారం గుమ్మంలోనే కుప్పపోసి ఉంటే మోసుకొచ్చేవాళ్లు ఎవరిక్కావాలి? వేళ్లు నన్ను గడప తొక్కనివ్వలేదు. పైగా వాన మొహం చాటేసింది. పైరు మాడింది, పైమట్టిని గాలి ఎత్తుకుపోయింది. తర్వాతి ఏడూ అంతే. వదిలేస్తే గడ్డి దానంతటదే వస్తుందనుకున్నాడు. ఎర్రదుమ్ము తప్ప ఏమీ లేవలేదు.

మేత లేక ఈనిన గొర్రెలకు పాలు ఎండాయి. పిల్లలు ఒక్కొక్కటే పోయాయి. ఒకరోజు మారెక్క గొంగడి భుజాన వేసుకుని మొగుడి ముందు నిలబడింది.

"మిగిలిన గొర్రెల్ని తోలుకోని నా తమ్ముని మందతో కలిసి పోతాండా. నీ సేద్దెం నువ్వు సూసుకో మామా," అంది. గొంతు పెంచలేదు. అదే అతన్ని ఎక్కువ కోసింది.

కరియప్ప ఒక్కడే సంకటి కెలుక్కున్నాడు. ఎక్కణ్నుంచో గడ్డి విత్తనం తెచ్చి చల్లాడు. మొలిచింది, పసుపెక్కింది, పోయింది. గట్టున పెద్దగుండ్ల మధ్య, నాగలి దూరని చోట కొన్ని బోద పొదలు మిగిలాయి. చేనిలోని ముక్కలన్నీ చచ్చాక నేనూ అక్కడే బతికి ఉన్నాను. వీరోచితంగా కాదు, రాళ్ల చాటున నక్కి. ఒక మధ్యాహ్నం అతను ఆ నీడన చాలాసేపు కూర్చుని, లేచి, గడ్డపారతో ఒక పొదను పెళ్లగించాడు. తీసుకుపోయి చేను నడుమ నాటాడు. నా సంగతి అతనికేం తెలుసు? ఆమె వచ్చేలోగా నేల మీద ఏదో ఒకటి పచ్చగా కనబడాలి, అంతే. వేళ్లకున్న మట్టి దులిపి ఉంటే నా కథ అక్కడికి సరి. బద్ధకించి దులపలేదు. ఒకరి బద్ధకం పుణ్యమా అని నేను పల్లకీ ఎక్కాను.

గడ్డికి నాట్లేసే పిచ్చోడని ఊరు నవ్వింది. అతను తల వంచుకుని మరికొన్ని పొదలు అలాగే తెచ్చి నాటి, కడవలతో నీళ్లు మోశాడు. వానలు దిగేసరికి పొదలు పిలకలేశాయి.

మారెక్క మందతో తిరిగొచ్చింది. పచ్చివాసనకు గొర్రెలు చేనిలోకి ఉరికాయి. కరియప్ప రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు.

"ఈ ఏడు మేపగాకు మారెక్కా. గడ్డి ఏరు పట్టుకోనీ."

ఆమె మందను గుట్ట వైపు తిప్పమని తమ్ముడికి సైగ చేసింది. వంగి ఒక పొదను పట్టి లాగింది. కింద నేను, నా బలమెంతో నాకు తెలుసు కనుక, వణికిపోయాను. పొద రాలేదు.

"ఎవురో సెప్తే నవ్వినా. నిజంగానే నాటినావే," అంది.

"ఎండాకాలం మంద యెనక నేను పోతాలే. నువ్వు ఇంటి కాడ ఉందువు."

"నేనేంటికి ఉండల్ల? దావ నాకూ తెలిసొచ్చె. ఇద్దరం పోదాం."

అతను ఆమె భుజం మీది గొంగడి తీసి తన భుజాన వేసుకున్నాడు. గడ్డి నిలిచింది గంగమ్మ దయ అని ఆమె, కాదు తన చేతి చలవ అని అతను వాదించుకుంటూ ఇంటిదారి పట్టారు. ఎన్నాళ్లకో ఆ బీడు విన్న పోట్లాట అది. మధ్యలో దూరి, నేను కూడా కొంచెం ఉన్నానని చెబుదామనుకున్నాను. కానీ ఆ పొదను నేను నిలబెట్టానా, అదే నన్ను నిలబెట్టిందా అని అడిగితే ప్రమాణం చేసి చెప్పలేను.

వాళ్ల మాటలు దూరమయ్యాక పక్క పొద వైపు ఒక పోగు చాచాను. మధ్యలో ఎర్రనేల ఇంకా చాలా ఉంది.