నలుపు సముద్రం వైపు

నేను ఒక ఫ్లెక్సీని. అప్పుడే ముఖం చిట్లించకండి. నాయకుడి పుట్టినరోజుకో, మేనకోడలి ఓణీల ఫంక్షనుకో నాలాంటిదాన్ని కట్టించని వీధి మీ ఊళ్లో ఉందేమో చెప్పండి చూద్దాం. కట్టేటప్పుడు కింద నిలబడి ఫొటోలు దిగుతారు. నాలుగు రోజులు పోయాక ఎవడు కట్టాడో ఎవడికీ గుర్తుండదు. ఆ తర్వాత బర్రెల పాకకో, బజ్జీల బండికో పైకప్పు అవుతాం. మా కులం బతుకంతా అంతే.

నా ముందువైపు తెలుపు, వెనకవైపు నలుపు. వెలుతురు నాలోంచి దూరి బొమ్మలు వెలవెలబోకుండా ఉండడానికి అలా చేస్తారట. టెక్కలిలో ఒక ప్రింటింగ్ షాపు మూల చుట్టగా పడి ఉండగా, ఉప్పలరేవు నుంచి పోలయ్య వచ్చాడు. ఉప్పలరేవు సముద్రం ఒడ్డున మత్స్యకారుల పల్లె. ఆ ఏడు ఊరంతా కలిసి మొదటిసారిగా తాబేళ్ల పండగ చేస్తోంది. దాని కమిటీకి పోలయ్య ప్రెసిడెంటు.

"సందా ఇచ్చినోడి మొకం ఒక్కటి తప్పిపోయినా నన్ను బతకనివ్వరు బాబూ" అని షాపాయన చేతిలో ఫొటోల కట్ట పెట్టాడు. ముఖాలన్నీ ఇరికించగా తాబేలుకు మిగిలింది కింద మూలన గారెంత చోటు. అందులో షాపాయన పెట్టింది చెరువు తాబేలును. పోలయ్య ముఖం మాత్రం నట్టనడుమ, మీసంతో సహా, బండి చక్రమంత పడింది. అబద్ధమెందుకు, నాకూ గర్వంగానే ఉండింది.

పండగకు అసలు మనిషి గురమ్మ. ఆమె ఫొటో నా మీద లేదు. అడిగితే "నా మొకం సూసి తాబేళ్లొత్తాయేటి?" అని ఇవ్వలేదట. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. వలల్లో చిక్కి చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తే, ఇంటి మనిషికి చేసినట్టు పసుపు రాసి పూడ్చడం ఆ ఊరి ఆడవాళ్ల ఆనవాయితీ. ఒక ఏడు అలా పూడ్చీ పూడ్చీ ఆమెకు విసుగొచ్చింది. చచ్చాక పసుపు రాసే బదులు బతికుండగానే ఏదైనా చేద్దామని, ఇసుకలో తాబేళ్లు పెట్టిన గుడ్లను కుక్కల పాలు కాకుండా ఏరి తెచ్చి, పాత వలలతో దడి కట్టి కాపలా కాసింది. పడవల వాళ్లను బతిమాలి, గుడ్లు పెట్టే కాలంలో ఒడ్డుకు దగ్గరగా వల వేయకుండా ఒప్పించింది.

వాళ్లు ఒప్పుకున్నారు గాని, అది వాళ్ల కడుపు మీద దెబ్బ. తాబేలు పిల్లలేమో తెల్లవారకముందే గుడ్లు పగలగొట్టుకుని వెళ్లిపోయేవి, గురమ్మ తప్ప ఎవరూ చూసింది లేదు. పడవల పెద్ద దానయ్య పండగకు ముందే గురమ్మకు తేల్చి చెప్పేశాడు.

"అప్పా, కడుపు కట్టుకొని వల ఆపినాం. ఆ పిల్లలు సముద్రంలోకి ఎల్డం మేం కళ్లారా సూడాల. సూత్తే వచ్చే ఏడూ ఆపుతాం. నేదంటే నేదు."

అందుకే ఆ పండగ. కోలాటం, పిల్లల బొమ్మల పోటీ, చోడి అంబలి అన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే. గురమ్మ పోలయ్యను అడిగింది ఒక్కటే.

"బావా, లైట్లొద్దు. అయ్యి ఎలుగున్న ఏపుకే ఎల్తాయి. సముద్రం తళుక్కుమంటాది గదా, దాన్ని సూసి ఎల్తాయి. మనం లైటెడితే ఇదే సముద్రం అనుకుంటాయి."

"లైట్లు నేకపోతే పండగేటే గురమ్మా, సావిల్లు అనుకుంటారు" అన్నాడు పోలయ్య. చివరికి దిగొచ్చి సీరియల్ బల్బులన్నీ విప్పించేశాడు. ఊళ్లో దీపాలు కూడా ఆర్పించాడు. పాపం, మనసున్నవాడే.

కానీ ఒక సంగతి మరిచిపోయాడు. పండగకు వచ్చే జనానికి దారి కనబడాలని, నెల కిందటే ఐసు ఫ్యాక్టరీ వాళ్లను పట్టుకుని ఒడ్డున ఎత్తైన స్తంభానికి పెద్ద దీపం పెట్టించింది ఆయనే. చీకటి పడితే దానంతట అదే వెలిగే రకం.

పండగనాడు రెండు వెదుళ్లకు బిగించి నన్ను ఒడ్డున, జనం వెనక, గుంజలకు కట్టారు. సాయంత్రం గంపల్లోంచి తాబేలు పిల్లలను ఇసుక మీదికి వదిలారు. అరచేతిలో సగం కూడా ఉండవు. కాళ్లు ఈడ్చుకుంటూ అలల వైపు పోతుంటే జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. దానయ్య, పడవల వాళ్లు ముందు వరుసలో ఉన్నారు. అవి సగం దూరం పోయాయో లేదో, స్తంభం మీద దీపం భగ్గున వెలిగింది.

పిల్లలు ఆగాయి. ఒకటి వెనక్కి తిరిగింది. దాన్ని చూసినట్టే అన్నీ తిరిగాయి. ఊరివైపు, జనం కాళ్ల వైపు, నా వైపు పాక్కుంటూ రాసాగాయి. దీపం మీట ఫ్యాక్టరీలో, ఫ్యాక్టరీకి తాళం. తాళంచెవి యజమాని దగ్గర, యజమాని టెక్కలిలో. దానయ్య గురమ్మ వంక చూశాడు. ఆ చూపుకు గురమ్మ ముఖం పాలిపోయింది. నాకు కాళ్లుంటే నేనే పరిగెత్తి ఏదైనా చేసేదాన్ని.

అప్పుడు గురమ్మ కళ్లు నా మీద పడ్డాయి.

"బావా, ఫ్లెక్సీ దించు! ఎలుగుకి అడ్డెట్టు!"

పోలయ్య ముడులు విప్పబోతుంటే దానయ్య మొలలోని కత్తి తీసి తాళ్లు కోసేశాడు. చెరొక వెదురు పట్టుకుని నన్ను ఇసుక మీద నిలువునా నిలబెట్టారు. అలవాటు కొద్దీ పోలయ్య నా ముఖాన్ని సముద్రం వైపు, అంటే జనం ఉన్న వైపు తిప్పాడు.

"మొకాలు ఊరేపు తిప్పండి! తెలుపు తళుక్కుమంటాది, నలుపు సముద్రం ఏపు!" అని అరిచింది గురమ్మ.

తిప్పారు. ఫొటోలు దిగాలని సరదాపడ్డ పోలయ్యే "ఫోన్లు మూసెయ్యండెహె!" అని గొంతు చించుకున్నాడు. నా వెనక నీడ పరుచుకుంది. నా ముఖం ఊరివైపు కదా, సముద్రం వైపు ఏం జరిగిందో నేను చూడలేదు. ఒక పిల్ల మాత్రం నా కింది అంచు దాకా వచ్చి, ఒకసారి తడిమి, మెల్లగా తిరిగి వెళ్లడం తెలిసింది. ఆ తర్వాత వినబడింది అలల చప్పుడే.

"ఎల్లిపోనాయి" అన్నాడు దానయ్య. "అన్నీ ఎల్లిపోనాయప్పా. వచ్చే ఏడు వల ఎప్పుడు ఆపాలో నువ్వే సెప్పు."

గురమ్మ ఇసుకలో కూలబడి ఏడ్చింది. ఆ సాయంత్రానికి ఒక్క ఫొటో కూడా లేదు.

పండగ అయ్యాక నన్ను చెత్తలో వేయబోతే ఆమే అడ్డుపడింది. "ఇది కుళ్లదు. పారేత్తే రేపు ముక్కలై ఏ తాబేలు కడుపులోకో ఎల్తాది. కుళ్లనిదాన్ని పనిలో ఉంచాల."

అప్పటి నుంచి పడవల పాకలో చుట్టగా ఉంటున్నాను. స్తంభం మీద దీపం తీసేశారు. ఇప్పుడు పండగ పేరు పాత చీర మీద రంగుతో రాస్తారు, ముఖాలు లేవు, సముద్రపు తాబేలు ఒక్కటే. అయినా దూరాన రోడ్డు దీపాలున్నాయని ఏటేటా నన్ను బయటికి తీస్తారు. పాకలోకి దూరే ఎండకు, ఉప్పుగాలికి చందాదారులందరూ చెరిగిపోయారు. చెరువు తాబేలూ పోయింది. మిగిలింది పోలయ్య మీసమొక్కటే.

మొన్న పండగనాడు వెదురు పట్టుకోవడానికి ఆయనే వచ్చాడు. వెలిసిపోయిన తన ముఖాన్ని కాసేపు చూసి నవ్వుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే దాన్ని ఊరివైపు తిప్పాడు.