తోక లేని రిసెప్టర్

మా ప్రయోగశాలలో నాది కిటికీ పక్క బల్ల. అక్కడి నుంచి వరండా మలుపు తిరిగితే ప్రయోగశాల నడిపే పెద్దాయన గది, ముప్పై ఏడు అడుగులు. ఆ లెక్క నాకు మొన్ననే తెలిసింది. మూడేళ్లూ నా తరఫున ఆ దూరం అక్కే నడిచింది మరి.

అక్క అంటే తోబుట్టువు కాదు. నాకంటే ఎనిమిదేళ్ల ముందు చేరి, ఇప్పుడు అందరి పనులూ చూసుకునే సీనియర్. నేను చేరిన రోజే, "ఆయన్ని మాటిమాటికీ కదిలిస్తే చిరాకుపడతారే. శుక్రవారం శుక్రవారం నాకు కాగితం రాసివ్వు, నేను చెప్తాలే" అంది. నా ఎడమచేతి వాటం చూసి నవ్వింది. తన అన్నం డబ్బాలో సగం నాకు పెట్టింది. నమ్మకుండా ఎలా ఉంటాను?

నా పని ఒక కబురుకి చెవి వెతకడం. రక్షణ కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లే సైటోకైన్లు. వాటిని అందుకునే ప్రోటీన్ కణం పైపొరలో ఉంటుంది, దాన్నే రిసెప్టర్ అంటారు. మా సైటోకైన్‌ది ఏ రిసెప్టరో అప్పటికి ఎవరికీ తెలియదు. నేను ఆ సైటోకైన్‌కి మెరిసే రంగు తగిలించాను. వేల జన్యువుల్ని గుంపులుగా పంచి, ఆ కబురు బొత్తిగా పట్టని కణాల్లోకి ఎక్కించి, ఏ గుంపు మెరుస్తుందా అని కాపలా కాశాను. నూట పన్నెండో గుంపు మెరిసింది. దాన్ని విడదీశాను, మళ్లీ విడదీశాను. పద్నాలుగు నెలలకి ఒక్క జన్యువు మిగిలింది. ఆ రోజు బాత్‌రూంలో తలుపేసుకుని సంతోషంతో ఏడ్చాను.

అయితే పట్టుకోవడం వేరు, లోపలికి చెప్పడం వేరు. కబురు అందగానే రిసెప్టర్లు జతకూడాలి. కణం లోపలికి వేలాడే వాటి తోకల దగ్గరున్న ఎంజైములు మేలుకుని, ఒక దూత ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగిలించాలి. ఆ దూత కేంద్రకంలోకి వెళ్లి జన్యువుల్ని లేపాలి. ఇదంతా తోక వల్లేనని చూపడానికి తోక కోసిన రిసెప్టర్ ఒకటి తయారుచేశాను. అది సైటోకైన్‌ని గట్టిగానే పట్టుకుంటుంది గానీ లోపలికి ఒక్క ముక్క చెప్పదు. ప్రోటీన్లని వరసల్లో వేరుచేసే జెల్ నడిపి ఫిల్మ్ తీస్తే, అనుకున్నట్టే నిండు రిసెప్టర్ వరసలో ఫాస్ఫేట్ తగిలిన దూత నల్లటి గీతగా వచ్చింది, తోక లేనిదాని వరసలో రాలేదు. ఫిల్మూ కాగితమూ అక్క చేతిలో పెట్టాను.

"బంగారంలాంటి పని చేశావే! నేను చెప్తాగా" అంది.

నెలాఖరుకి నా ఒప్పందం ముగుస్తుంది. రిసెప్టర్ నా పేరున ఉంటే ఇక్కడ నిలుస్తాను, లేకపోతే సంచి సర్దుకోవాల్సిందే. అందుకే ఆరు నెలలకోసారి జరిగే సమావేశానికి ఇస్త్రీ బట్టలు వేసుకుని ముందు వరసలో కూర్చున్నాను.

ఎప్పటిలాగే అందరి తరఫునా మాట్లాడడానికి అక్క లేచింది. "నేను కనుక్కున్న రిసెప్టర్" అని మొదలుపెట్టింది. తెర మీద ఒక్కో బొమ్మా నాది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా బతుకు. ఒక్కసారైనా నా వైపు చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు.

చివరి బొమ్మ నా ఫిల్మ్. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకున్నారు.

"ఆగమ్మా. ఇందులో తోక లేనిది సిగ్నల్ ఇస్తోంది, నిండుది ఇవ్వట్లేదు. అదెలా?"

అక్క కాగితాలు తిరగేసింది. నాకు చూడగానే తెలిసిపోయింది. ఎడమచేతి వాటం దాన్ని కదా, జెల్‌లో నమూనాలు కుడి నుంచి నింపుతాను. నా కాగితంలో ఒకటో నంబరంటే కుడి చివరిది. నా పక్కన ఒక్కపూట కూర్చున్నవాళ్లెవరికైనా ఆ సంగతి తెలుసు. అక్క జెల్ ముట్టుకుని ఆరేళ్లయింది. పేర్లు ఎడమ నుంచి రాసుకుంది.

"అయితే ఇది మనక్కావలసిన రిసెప్టర్ కాదన్నమాట. పక్కన పెట్టేద్దాం" అన్నారు పెద్దాయన.

అక్క అక్కడే మునిగిపోవాలని నాకు ఉంది, అబద్ధమెందుకు? కానీ నేను నోరు మూసుకుంటే నా మూడేళ్లూ ఆవిడతో పాటే మునుగుతాయి. అయినా ఆ రిసెప్టర్ ఏం పాపం చేసింది?

లేచాను. "రిసెప్టర్ సరైనదేనండీ. పేర్లు తారుమారయ్యాయి."

"నీకెలా తెలుసు?"

"ఆ జెల్ నడిపింది నేనే. ఆ పనంతా నేనే చేశాను. ప్రతి శుక్రవారం మీకు రాసి పంపాను కదండీ?"

"నీ కాగితం ఒక్కటీ నాకు రాలేదమ్మా. నీకు పని మీద ధ్యాస లేదనీ, ఒప్పందం పొడిగించొద్దనీ విన్నాను."

అందరూ అక్కవైపు తిరిగారు. "చెల్లీ, నీ మంచికే..." అని ఆగిపోయింది.

దొంగతనం ఒక్కటే అయితే ఎప్పటికైనా మరిచిపోదునేమో. నన్ను పంపించెయ్యమన్న నోటితోనే రోజూ "తిన్నావటే?" అని అడిగింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ మధ్యాహ్నమే నా నోటుపుస్తకాలన్నీ ఎత్తుకుని పెద్దాయన గదికి వెళ్లాను. అడుగులు లెక్కపెట్టింది అప్పుడే. తలుపు బార్లా తీసి ఉంది. ఆయన గంటసేపు పేజీలు తిప్పి, "ఈ రిసెప్టర్ నీదే. నీ ఒప్పందం సంగతి నేను చూస్తాను" అన్నారు.

తరవాత కళ్లద్దాలు తీసి నా వైపు చూశారు.

"ఈ తలుపెప్పుడూ తీసే ఉంటుంది కదమ్మా. మూడేళ్లలో ఒక్కసారీ రాలేదేం?"

"అక్క చెప్తానందండీ" అన్నాను.