నల్లపొడి

పొద్దున్నే పళ్లపొడి డబ్బా దగ్గర గొడవ మొదలైంది.

“మెత్త బ్రష్‌తోటి పచ్చదనం పోతదా? గీ పొడి ఏసి గట్టిగ రుద్దాలె,” అంటూ నర్సవ్వ మనవరాలి గడ్డం పట్టుకుంది.

“జర ఆగు అత్తమ్మా! డాక్టరమ్మ రుద్దొద్దన్నది.” ప్రమీల డబ్బా లాక్కుంది. మూత ఊడి బండలన్నీ నల్లగయ్యాయి.

“నాకు చెప్పొస్తవా? నా కొడుకు మల్లేష్ పండ్లు నేనే తోమి పెంచిన.”

“అందుకే గట్లున్నయి.” ప్రమీల నోరు జారింది.

ఏడేళ్ల రుచిత ఇంట్లో కూడా మాస్కు తీయడం లేదు. కరోనా కాస్త తగ్గి సూరత్ భేస్తాన్‌లో మగ్గాలు మళ్లీ మోగుతున్నాయి గానీ, ఆ పిల్ల నోరు తెరవడం మానేసింది. కొత్తగా వచ్చిన పళ్లు బెల్లం రంగులో ఉన్నాయి. మొన్న రొట్టె నమిలితే దవడపన్ను అంచు రాలింది.

పంటి మీది ఎనామిల్ పొర సరిగ్గా ఏర్పడలేదని డాక్టరు చెప్పింది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. వంశంలో ఉన్నదైతే ఆలస్యం చేయకుండా దవడపళ్లకు తొడుగులు వేయాలి, లేదంటే చిగుళ్ల దాకా అరిగిపోతాయట. మల్లేష్ ఎవరికీ లేదన్నాడు. తనవి మావా మరకలన్నాడు. మగ్గాల గల్లీలో వక్కా పొగాకూ కలిపిన ఆ మావా నమలనివాడెవడు? పచ్చటి పళ్లు ఎవరికీ వింత కాదు.

“నీళ్లతోటి అయ్యుంటది. కరోనా పోయినంక సూద్దాం,” అన్నాడు ఇంటికొచ్చాక.

బండలు తుడుస్తూ ప్రమీల గోడ మీది పెళ్లి ఫొటో చూసింది. అప్పటికి మల్లేష్ సూరత్ రాలేదు, మావా ముట్టలేదు. అయినా ఫొటోలో పెదాలు బిగించే నవ్వాడు.

“అత్తమ్మా, ఆయన పండ్లు చిన్నప్పుడు ఎట్లుండె?”

నర్సవ్వ ఎప్పుడూ పొడితో నల్లగా ఉండే పళ్లకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నారు. రుచిత పప్పన్నం ఒక పక్కనే నములుతూ కళ్లు తుడుచుకుంది. నర్సవ్వ కంచం పక్కన పెట్టి, లేచి నోరు పుక్కిలించి, కొంగుతో నలుపంతా తుడుచుకుంది.

“సూడు బిడ్డా,” అని కొడుకు ముందు నోరు తెరిచింది. చిగుళ్లంచున అరిగిపోయిన పసుపుపచ్చటి పంటి మొదళ్లు.

“పొడితోటి ఖరాబు కాలే. ఖరాబైనయని పొడితోటి దాసిన. నీయి గుడ పుట్టుకతోటి గంతే.”

“గిన్నేండ్లు చెప్పకపోతివి గదనే అవ్వా!” అన్నాడు మల్లేష్.

“చెప్తె మీ నాయిన నన్ను చేసుకుంటుండెనా?”

రుచిత కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది. నర్సవ్వ అది చూసింది.

“రేపు మగ్గం బందు పెట్టు. ముగ్గురం డాక్టరమ్మ కాడికి పోతున్నం. ముందుగాల్ల నేను నోరు తెరుస్త, నా యెనుక నువ్వు. అన్ని సూసినంక పిల్లకు తొడుగులు ఏస్తది. ప్రమీలా, నా కంచంల పప్పు పొయ్.”