కొబ్బరి చిప్పల పళ్ళెం

ఆటంటే నాకు తెలిసినంతవరకు గెలిచినవాడు ఎగరాలి, ఓడినవాడు తిట్టాలి. మా మేనేజరు మహీధర్ గారు పట్టుకొచ్చిన ఆటలో ఆ రెండూ లేవు. దూరంగా ఒక గొట్టం పాతి, దానికి ఇనుప గొలుసులు వేలాడదీసి, కింద బుట్ట కడతారు. ఇక్కణ్ణించి ప్లాస్టిక్ పళ్ళెం విసిరితే అది వెళ్ళి గొలుసులకి తగిలి బుట్టలో పడాలి. పడలేదా, పడినచోటికి నడిచివెళ్ళి మళ్ళీ విసరాలి. దీనికోసం తెల్లవాళ్ళు దేశాలు పట్టుకు తిరుగుతారని ఆయన చెప్పినప్పుడు మేమెవరం నమ్మలేదు. డిస్క్ గోల్ఫ్ అంటారట. మేం పళ్ళేలాట అనేవాళ్ళం.

నా పేరు సూరిబాబు. రాజోలు దగ్గర పల్లెటూరు మాది. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి కాబట్టి నా మాటకి విలువ ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. దుబాయ్ అవతల రాస్ అల్ ఖైమాలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో చేరిన దగ్గర్నించీ బకెట్లూ మగ్గులూ స్టూళ్ళూ పోశాను. ఈ దేశంలో సగం మంది నా చేతిమీదుగా వెళ్ళిన మగ్గులతోనే స్నానం చేసి ఉంటారు. వాళ్ళలో ఒక్కడైనా మగ్గు తిప్పి చూసి, ‘ఎవడు పోశాడో గాని బాగా పోశాడు’ అని ఉంటాడా? అనడు. టై కట్టుకున్నవాడు వచ్చి మిషన్ మీద ఒక మీట నొక్కితే మాత్రం ఫోటో తీసి గోడకి తగిలిస్తారు. లోకం తీరు అది.

మహీధర్ గారిది వరంగల్. ఇంజనీరు. దుబాయ్‌లో ఏదో పార్కులో తెల్లవాళ్ళు ఆడుతుంటే చూసి, ఆయనా ఆడి, ఆ పిచ్చి తలకెక్కించుకున్నాడు. మా కఫీల్‌ని, అంటే ఫ్యాక్టరీ యజమాని అరబ్బుని, ఎలా ఒప్పించాడో గాని, 2015లో ఒక మిషన్ని బకెట్ల నుంచి తప్పించి పళ్ళేలకి పెట్టించాడు. పళ్ళెం మీద ‘రిమాల్’ అని పేరు. అంటే అరబ్బీలో ఇసక అట. ఆ ప్లాస్టిక్‌కి తేమ పడదని మిషన్ చుట్టూ అద్దాల గది కట్టి ఏసీ పెట్టారు. దాని మీదకి నన్ను వేశారు. ఆగస్టులో బకెట్ల షెడ్డులో నిలబడినవాణ్ణి అడగండి, ఆ గది అంటే ఏమిటో చెబుతాడు.

“సూరన్నా, బజార్ల అమెరికావోళ్ళున్నరు, స్వీడన్‌వోళ్ళున్నరు,” అన్నాడాయన ఒకరోజు నా పక్కన స్టూలు వేసుక్కూర్చుని. “వాళ్ళ లెక్క దుకాణాలు పెట్టాలంటే మనతోని కాదు. పేరున్న ఆటగాని చేతిల మన డిస్కు వెట్టాలె. ఆడు ఇసిరితే సూసినోళ్ళు కొంటరు.”

“పేరున్నోడి చేతిలో ఇప్పటికే ఎవడిదో పళ్ళెం ఉంటది కదండీ?”

“గదే గదనే కష్టం.”

ఆ కష్టం ఏడాది పైగా పడ్డాం. ఏ దేశంలో పేరున్నవాడు కనబడితే వాడికల్లా పార్శిల్ పంపించాం. చాలామంది పలకలేదు. కొందరు బాగున్నాయన్నారు గాని, పాత కంపెనీని వదల్లేదు. ఒకడైతే మా పళ్ళెంలో కుక్కకి తిండి పెట్టి ఆ ఫోటో పంపాడు. కుక్క మాత్రం బాగుంది.

చివరికి కఫీల్ ఒకనాడు అద్దాల గదిలోకి వచ్చి, పేర్చిన పళ్ళేల దొంతర్లు చూసి, తనకొచ్చిన హిందీలో ఒకే మాట చెప్పాడు. చలికాలం వెళ్ళేలోగా పేరున్నవాళ్ళు ఒక్కరు మన పళ్ళెం పట్టుకుంటే సరే. లేదా, ఈ మిషన్ ఖలాస్, మళ్ళీ బకెట్లు.

“ఏమప్పా సూరీ, ఏసీ గాలి అలవాటైపోయినట్టుందే?” అన్నాడు నూర్ మొహమ్మద్, ఆ సాయంత్రం టీ తాగుతూ. రాయచోటివాడు. మా ఫ్యాక్టరీలో అచ్చులు బిగించేదీ విప్పేదీ వాడే. “యాడికి పోతాది షెడ్డు? నీకోసం కాసుకోనుంటాది.”

“నీ నోట్లో మన్నుపొయ్య.”

“ఎడారిలో ఉండాం. దినామూ పోసుకొనేది అదేగా.”

మహీధర్ గారు ఉన్న ధైర్యమంతా కూడగట్టి కొత్త అచ్చు ఒకటి చేయించాడు. అది వచ్చింది డిసెంబరులో ఒక శుక్రవారం. కొత్త అచ్చు ఎక్కిస్తే కొబ్బరికాయ కొట్టకుండా మిషన్ తిప్పను నేను. అచ్చులోంచి దిగే మొదటి సరుకు మా ఊరి దేవత సత్తెమ్మతల్లిది. మగ్గయినా, బకెట్టయినా, మొదట దిగింది అమ్మకానికి పోదు. కరెంటు బోర్డు పక్కన అరలో తల్లి పటం ఉంటుంది, దాని ముందు పెడతాను. నూర్ మొహమ్మద్ బిస్మిల్లా అని అచ్చు బిగిస్తాడు, నేను కాయ కొడతాను. ఇద్దరం ఎవరి పని వాళ్ళం చేసుకుంటాం గనకే మా మిషన్ ఇన్నేళ్ళూ మొరాయించలేదని మా ఇద్దరి నమ్మకం.

ఆ శుక్రవారం మా ఆవిడ సుబ్బాయమ్మ కూడా వచ్చింది. షార్జాలో, అల్ నహ్దాలో ఒక హైదరాబాదు వాళ్ళింట్లో వంట చేస్తుంది. శుక్రవారం సెలవు. చలిమిడి చేసుకుని, అరటిపళ్ళు కొనుక్కుని, పసుపూ కుంకుమా తెచ్చుకుంది గాని పళ్ళెం మరిచిపోయింది.

“పళ్ళేలు పోసే చోటికి పళ్ళెం మోసుకురావాలేంటండీ?” అని నామీదే ఎగిరింది. మొదటి పళ్ళెం అచ్చులోంచి దిగీ దిగ్గానే గుడ్డతో పట్టుకుని, బయటివైపు కుంకుమబొట్టు పెట్టి, వెల్లకిలా తిప్పి, దాంట్లోనే రెండు కొబ్బరి చిప్పలూ అరటి అత్తమూ చలిమిడీ సర్ది అరలో పెట్టేసింది. నూర్ మొహమ్మద్‌తో సహా అందరం ప్రసాదం తిన్నాం. పళ్ళెం అక్కడే ఉండిపోయింది.

జనవరిలో హెల్మి వచ్చింది.

ఫిన్లాండ్ మనిషి. ముప్పై దాటిన వయసు, నా కన్నా పొడుగు. ఆడవాళ్ళ పోటీల్లో పెద్ద పేరట. భుజం నొప్పితో ఒక ఏడాది ఆడలేకపోతే ఆమె కంపెనీ ఆమెని పక్కన పెట్టేసిందని మహీధర్ గారు చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నించీ ఆమె మా మనిషే అనిపించింది నాకు. వాళ్ళ ఊళ్ళో మంచు పడుతోందని దుబాయ్‌లో విసురుకోవడానికి వచ్చింది. మహీధర్ గారు బతిమాలితే ఒక పూట మా ఫ్యాక్టరీకి వస్తానంది. నచ్చిన పళ్ళెం దొరికితే మీ తరఫున ఆడతానని సంతకం పెడతా, దొరక్కపోతే టీ తాగి వెళ్ళిపోతా అని ముందే చెప్పింది.

ఫ్యాక్టరీ వెనకాల కొండల దాకా ఖాళీ ఇసక. అక్కడ బుట్ట పాతి, మేం పోసిన పళ్ళేలన్నీ దొంతరగా పెట్టాం. ఆమె ఒక్కోటీ తీసి, వేళ్ళతో నొక్కి, విసిరేది. అబ్బ, ఏం విసురుడండీ అది! ఒళ్ళంతా మెలితిరిగి విడిపోయేది. పళ్ళెం వెళ్ళేది, బాగానే వెళ్ళేది, చివర్లో అలసిపోయినట్టు ఎడమకి వాలి పడిపోయేది. కొత్త అచ్చువీ అంతే. ప్రతిదానికీ ‘నైస్’ అనేది.

“నైస్ అంటాంది గదప్పా,” అన్నాడు నూర్ మొహమ్మద్.

“పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చనోళ్ళు కూడా కాఫీ బాగుందనే అంటారు.”

మహీధర్ గారి ముఖం చూడలేకపోయాను. దొంతర అయిపోయింది. ఆమె ఆయనతో ఏదో మెల్లగా చెప్పింది. ఆయన తల ఊపాడు. నాకు ఇంగ్లీషు అక్కర్లేదు, ఆ తల ఊపు చాలు. షెడ్డులో ఏ మిషన్ మీద వేస్తారా అని ఆలోచించుకోవడం మొదలెట్టాను.

టీ కోసం లోపలికి వచ్చారు. ఆమె గ్లాసు పట్టుకుని మిషన్ చుట్టూ తిరుగుతూ అర దగ్గర ఆగింది. గ్లాసు కింద పెట్టి, అమ్మవారి పళ్ళెం చేతిలోకి తీసుకుంది. బొట్టు ఉన్నవైపు చూసింది, తిప్పింది, అంచు మీద బొటనవేలు నడిపింది. ఆ వేలు పళ్ళెం నడిమికి జరిగి ఆగింది.

“నో మేడం! గాడ్! గాడ్!” అని అరిచాను.

ఆమె చటుక్కున యథాస్థానంలో పెట్టేసింది. మహీధర్ గారు పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆయన నావైపు తిరిగాడు.

“అన్నా, ఆమె ఒక్కసారి ఇసిరి సూస్తనంటుంది.”

“అది తల్లికి పెట్టిందండి. ఇసకలో పడెయ్యడానికి కాదు.”

“మొదటి డిస్కు అని చెప్పిన. వాళ్ళల్ల గూడ మొదట దిగినయి దాసుకుంటరంట. వద్దంటే వద్దు, తప్పు పట్టుకోనంటుంది.”

అలా అడిగితే ఎవడికైనా మొండితనం జారిపోతుంది. కాని తల్లి విషయంలో నా ఒక్కడి మాట చాలదు. సుబ్బాయమ్మకి ఫోన్ చేశాను. వెనకాల పోపు చిటపటలు వినిపించాయి. అంతా విని, “ప్రసాదం తిన్నాక పళ్ళెం కడుక్కోమా ఏంటండీ?” అంది. “తల్లికి చలిమిడి కావాలి గాని ప్లాస్టిక్ ఎందుకు? ఇచ్చెయ్యండి. చెప్పుల కాలితో తొక్కొద్దని మాత్రం చెప్పండి. ఉంటాను, ఆవాలు మాడిపోతన్నాయి.”

ఆ మాట మహీధర్ గారు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. హెల్మి నవ్వలేదు. గుమ్మంలో బూట్లు విప్పి, మేజోళ్ళు వాటిలో కుక్కి, ఉత్తకాళ్ళతో ఇసకలోకి దిగింది.

విసిరింది.

ఈ పళ్ళెం చివర్లో వాలలేదు. వాలాల్సిన చోట గాలి మీద కూర్చున్నట్టు ఆగి, ఇంకా వెళ్ళి, బుట్ట దాటి, కొండవైపు పోయి పడింది. ఆమె ఉత్తకాళ్ళతో పరుగెత్తి తెచ్చుకుంది. మళ్ళీ విసిరింది, మళ్ళీ పరుగెత్తింది. మూడోసారి గొలుసులు గలగలమన్నాయి. నూర్ మొహమ్మద్ తలమీద టోపీ తీసి గాల్లో విసిరాడు. అది వాడి నెత్తిమీదే పడింది.

“ఇట్లాంటివే కావాలంట!” మహీధర్ గారు నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. “ఇట్లాంటివి ఇస్తే సంతకం పెడ్తదంట. అన్నా, దీంట్ల ఏం కలిపినవ్?”

“నేనేం కలుపుతానండి? అదే అచ్చు, అదే ప్లాస్టిక్, అదే నేను.”

దాన్నీ ఇంకోదాన్నీ బల్లమీద పక్కపక్కన బోర్లించారు. అమ్మవారి పళ్ళెం నడుం కాస్త ఉబ్బి ఉంది. రోజూ దణ్ణం పెట్టుకుంటున్నా నేను గమనించలేదు. దణ్ణం పెట్టేటప్పుడు ఎవడు కొలతలు చూస్తాడు? నూర్ మొహమ్మద్ దాన్ని తిప్పి, లోపలివైపు దీపానికి పట్టి చూపించాడు. పక్కపక్కన రెండు గుండ్రటి మచ్చలు, అచ్చం ముద్ర కొట్టినట్టు.

“ఇవేందప్పా?”

మహీధర్ గారు కాసేపు చూశాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు. నవ్వుతూనే నేలమీద కూర్చుండిపోయాడు. “వదిన! వేడి వేడి డిస్కుల కొబ్బరి చిప్పలు వెట్టింది గదనే! సల్లారేటప్పుడు అంచు పైకి లేసింది, బరువుకి నడుమ కిందనే ఉండిపోయింది. బోర్లిస్తే అదే పైకి ఉబ్బింది!”

వీధి చివర మలయాళీ కొట్టుకి మనిషిని తరిమి కొబ్బరికాయలు తెప్పించాం. అరటిపళ్ళు కూడా తెప్పించమన్నాను నేను. ఏది వదిలేస్తే ఏం తేడా వస్తుందో ఎవరికి తెలుసు? చలిమిడి ఒక్కటే దొరకలేదు, దాని బదులు మైదా ముద్ద పెట్టాం. వేడి పళ్ళేలు వరసగా పరిచి, ఒక్కోదాంట్లో చిప్పలు పెడుతుంటే హెల్మి కూడా చేతులు కడుక్కుని వచ్చి మాతో పాటు సర్దింది. చూసినవాళ్ళు ఎవరిదో గృహప్రవేశం అనుకోవాలి. చల్లారాక వాటిని విసిరి చూసింది. మొదటివి అటూ ఇటూ అయ్యాయి గాని, మధ్యాహ్నం దాటేసరికి ఆమె ‘నైస్’ అనడం మానేసింది. ఏమీ అనకుండా పళ్ళేలు ఒక్కోటీ తన సంచీలో పెట్టుకోవడం మొదలెట్టింది.

సంతకం ఆ మిషన్ పక్కనే, నేను టీ తాగే బల్లమీద పెట్టింది. తర్వాత వారాల్లో కొబ్బరి చిప్పల స్థానంలో గుడ్డసంచుల్లో ఇసక వచ్చిందనుకోండి. రిమాల్ అని పేరు పెట్టుకున్నందుకు దానికీ ఒక అర్థం కుదిరింది.

పేరంటే గుర్తొచ్చింది. పెద్ద ఆటగాళ్ళకి వాళ్ళ పళ్ళేనికి పేరు పెట్టుకునే హక్కు ఉంటుందట. మహీధర్ గారు ‘ఫాల్కన్’ అన్నాడు. కఫీల్ తన గుర్రం పేరు పెట్టమన్నాడు. హెల్మి మాత్రం, కొబ్బరికాయలు పెట్టిన ఆవిడ పేరేమిటని అడిగింది.

అలా ఆ వేసవిలో ఫిన్లాండులో, స్వీడన్లో, ఇంకా నోరు తిరగని ఊళ్ళలో మా పళ్ళెం ఎగిరింది, మీద ‘సుబ్బాయమ్మ’ అని ఇంగ్లీషు అక్షరాలతో. స్వీడన్‌లో పోటీ నెగ్గినప్పుడు హెల్మి ఆ పళ్ళెం కెమెరా ముందు పట్టుకున్న వీడియో మహీధర్ గారు అందరికీ చూపించాడు. వెనకాల ఎవడో తెల్లవాడు నాలుక మడతేసుకుని ‘సూబయామా’ అని అరుస్తున్నాడు. పార్శిళ్ళు మేం అడక్కుండానే బయల్దేరడం మొదలెట్టాయి. పక్కన రెండో మిషన్ కూడా అద్దాల గదిలోకి వచ్చింది. నేను ఏసీలోనే ఉన్నాను. మహీధర్ గారి ఫోటో గోడకెక్కింది. సరే, ఎక్కనీయండి. ఆ ఫోటోలో ఆయన చేతిలో ఉన్నది మాత్రం మా ఆవిడ పేరు.

ఇన్నేళ్ళు ప్లాస్టిక్ పోసింది నేను. ఒక్క రోజు వచ్చి పళ్ళెం మరిచిపోయింది ఆవిడ. పేరెవరికొచ్చిందో చూశారుగా.

మొన్న శుక్రవారం సుబ్బాయమ్మ పనిచేసే ఇంటికి, అల్ నహ్దా వెళ్ళాను. వాళ్ళ ఇంటివాళ్ళు ఊళ్ళో లేరని నన్ను భోజనానికి రమ్మంది. ఆమెకోసం రంగురంగులవాటిలో మంచిది ఏరి, నెల కిందటే ఒకటిచ్చాను, అద్దాల బీరువాలో పెట్టుకుంటుందని. వంటగదిలోకి వెళ్ళేసరికి అది చేపల పులుసు గిన్నె మీద మూతగా బోర్లించి ఉంది. ఆవిరికి ‘సుబ్బాయమ్మ’ అన్న అక్షరాలు తడిసి మెరుస్తున్నాయి.

“ఏవే, ప్రపంచమంతా దాన్ని నెత్తిన పెట్టుకుంటంటే నువ్వు మూత పెట్టావా?”

“కొలిచినట్టు సరిపోయిందండీ,” అంది గరిటె కడుగుతూ. “ఇంకోటి తెండి. చారు గిన్నెకి మూత లేదు.”

పులుసు అమోఘంగా ఉంది. రెండుసార్లు వేయించుకున్నాను.