పాతిక అక్షరాల తాళం

అక్క కంప్యూటర్ తనే బిగించుకుంది. పుట్టుకతోనే చూపు లేని మనిషి, పియానోలకు శ్రుతి సరిచేసి బతికే మనిషి. భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, మదర్‌బోర్డు అంచులు వేళ్ళతో తడుముకుంటూ ఒక్కొక్క స్క్రూ బిగిస్తుంటే తమ్ముడు కళ్ళప్పగించి చూస్తూ కూర్చున్నాడు. రెండుసార్లు సాయం చేయబోయి రెండుసార్లూ చేతి మీద దెబ్బ తిన్నాడు. ఫ్యాన్ తిరగగానే ఆమె చెవి ఒగ్గి, "ఎడమవైపు స్క్రూ వదులుగా ఉంది" అంది. నిజంగానే ఉంది.

ఇక మిగిలింది ఆపరేటింగ్ సిస్టమ్. అది ఎక్కించకపోతే ఎంత ముచ్చటగా బిగించినా ఉత్త ఇనప డబ్బానే.

తమ్ముడు ఒక సర్కారీ ఆఫీసులో గుమాస్తా. వచ్చినవాళ్ళకు ఒప్పంద పత్రాలు చదివి వినిపించి సంతకాలు పెట్టించడం అతని పని. పదేళ్ళ వయసు నుంచీ అక్కకు చదివిపెట్టేదీ అతనే, ఉత్తరాలైనా రసీదులైనా మందుసీసాల మీది చీటీలైనా. మనిషి మంచివాడే, కాదనను. కాని పేరా కాస్త పొడుగ్గా కనిపిస్తే చాలు, నమలకుండా మింగేస్తాడు. పాత కంప్యూటర్ కొన్న రోజున లైసెన్సు పదహారు పేజీలుంటే, "ఏముందక్కా, అన్నిటికీ ఉండేదే" అని తనే 'అంగీకరిస్తున్నాను' నొక్కిపారేశాడు. ఆ లైసెన్సు ఆ ఒక్క మదర్‌బోర్డుకే చెల్లుతుందనీ, మరోదానికి మారదనీ రాసిన వాక్యం ఆ పదహారు పేజీల్లోనే ఉంది. కిందటి నెల ఆ బోర్డు కాలిపోయింది. కొత్త బోర్డు వేస్తే పాత సిస్టమ్ మొండికేసింది. ఏ ఇంటి పియానోలో ఏ తీగ జారుతుందో రాసుకున్నదంతా అందులోనే ఉండిపోయి, పదిహేను రోజులు అక్క పని ఆగింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని తమ్ముడికి ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈసారి మాత్రం ఆమె ముందే చెప్పేసింది. "ఎవరి కళ్ళూ అరువు తెచ్చుకోను. నేనే ఎక్కించుకుంటాను. నేనే మొత్తం విని ఒప్పుకుంటాను."

విడిభాగాల దుకాణదారు ఓపికగానే చెప్పాడు. "ఇంటికి ఒక ఎడిషన్, ఆఫీసులకు ఒకటి ఉంటాయమ్మా. మీకు ఇంటిది చాలు. లైసెన్సు మాత్రం మీ పేరు మీద ఉండేది తీసుకోండి, బోర్డు మారినా మీతోపాటే వస్తుంది." అది ఉన్న పెట్టె చేతికిచ్చి, "తాళం లోపలే ఉంది, ఆ అక్షరాలు కొడితేనే ఎక్కుతుంది" అని, కాస్త తటపటాయించి ఒక పెన్‌డ్రైవ్ కూడా తీశాడు. "జనం కలిసి రాసుకున్న సిస్టమ్ ఇంకోటి ఉంది. దీనికి ఎడిషన్ల గొడవ లేదు. మొదట్లో బీప్ వినగానే 'ఎస్' అక్షరం నొక్కి ఎంటర్ కొడితే మాట్లాడుతుందట. నేనెప్పుడూ చూడలేదు."

ఇంటికొచ్చాక అక్క ముందు ఆ పెట్టె తెరిచింది. అందులో ఒక కార్డు. దాన్ని బొటనవేలితో ఆ చివర నుంచి ఈ చివరకు రాసి చూసింది.

"తాళం ఇందులోనే ఉందన్నాడు, ఎక్కడరా?"

"పాతిక అక్షరాలు అచ్చువేశారక్కా, వరసగా."

"నా వేలికి నున్నగానే ఉంది."

"నేను చదువుతాగా" అని, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

అక్క కార్డును పెట్టెలో పెట్టేసి, పెట్టెను అతనివైపు జరిపింది.

పెన్‌డ్రైవ్ గుచ్చి మీట నొక్కింది. బీప్ వినిపించింది. చెప్పిన అక్షరం, ఎంటర్. కాసేపు ఏమీ లేదు. గాలిలో దీపం పెట్టినట్టే అయిందనుకున్నాడు తమ్ముడు. అంతలో స్పీకరులోంచి ఒక గొంతు లేచి, ఏవేవో భాషల పేర్లు చదువుకుంటూ పోయి పోయి, "తెలుగు" అంది. అక్క వేలు ఠక్కున పడింది. ఆ తర్వాత ఆ గొంతు తెలుగులోనే మాట్లాడింది. జలుబు చేసిన పిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టుంది, కాని ప్రతి అక్షరం తెలుస్తోంది.

తమ్ముడు స్పీకరు దగ్గరకు జరిగాడు. ఎక్కడి మనిషో, ఎవరూ అడగకుండానే, ఇలాంటి అక్క ఒకరుంటుందని కూర్చుని రాశాడన్నమాట.

"నేనొస్తానని వాళ్ళు ముందే అనుకున్నార్రా" అంది అక్క మెల్లగా.

లైసెన్సు వచ్చింది. అలవాటుకొద్దీ తమ్ముడి చెయ్యి కీబోర్డు మీదికి పోయింది. అక్క ఆ మణికట్టు పట్టుకుని పక్కన పెట్టింది. గొంతు చదువుతూ పోయింది. ఎవరైనా ఎందుకైనా వాడుకోవచ్చు. లోపల ఎలా రాశారో విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. పంచేవాడు తనకున్న హక్కుల్లో ఒక్కటి కూడా పుచ్చుకునేవాడి దగ్గర దాచకూడదు. ఇవన్నీ ఎవరో ఎవరికో నిజంగా రాసిచ్చారా అని తమ్ముడు విస్తుపోయాడు. వేల పత్రాలు చదివిన గుమాస్తా, ఒక పత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా వినడం ఇదే మొదలు. దేనికీ హామీ లేదన్న పేరా వచ్చినప్పుడు మాత్రం ఉండబట్టలేకపోయాడు.

"విన్నావా, హామీ లేదట."

"దాచకుండా చెప్పిందిగా."

నలభై నిమిషాలు. ఆ గొంతు ఒక్క ముక్క మింగలేదు.

"అక్కా, నేను నీకు చదవకుండా చాలా వదిలేశాను. చిన్నప్పటి నుంచీ."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"పేరా దాటేసే ముందు నువ్వొకసారి ఊపిరి తీసుకుంటావు. చదివేవాడికి అక్కడ ఊపిరి అక్కర్లేదు."

"మరి అన్నిటి మీదా సంతకాలు పెట్టావే?"

"తప్పు పట్టుకుంటే చదవడమే మానేస్తావని భయం. అప్పుడు నాకింకెవరున్నారు?"

నిష్ఠూరంగా అనలేదు, వేళ ఎంతయిందో చెప్పినట్టు చెప్పింది. తమ్ముడు తల వంచుకుని, అక్కకు వినిపించకుండా ఏడవాలని చూశాడు. ఆ చెవులకు వినిపించకుండానా.

"అంగీకరిస్తున్నారా?" అని గొంతు అడిగింది. అక్క వీపు నిటారుగా పెట్టి నొక్కింది.

"యజమాని పేరు రాయండి."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది. రాసినదాన్ని గొంతు తిరిగి చదివి వినిపించింది. నలభై ఎనిమిదేళ్ళుగా తెలిసిన ఆ పేరును తమ్ముడు చేతులు కట్టుకుని విన్నాడు.

"పేరు సరిగ్గా ఉందా?" అంది గొంతు.

అక్క అతనివైపు తిరగలేదు. ఉందని తనే నొక్కింది.