వద్దన్నవాడి ముక్క

ఆ చర్చి సంఘంలో ఆదివారం ప్రభువు బల్ల రొట్టెను విరవరు, కోస్తారు. తలకొక ముక్క, లెక్క తప్పకూడదు. మనసులో ముల్లున్నవాళ్లు శనివారమే ఆ రొట్టె కాల్చే బేకరీ మేస్త్రి దగ్గరికొచ్చి, "మేస్త్రీ, రేపు నాది కొయ్యకు" అని చెప్పిపోతారు. ఎందుకని అడగడం మర్యాద కాదు.

ఈ మధ్య మేస్త్రి తన ముక్కే కోయడం మానేశాడు. మానడు మరి! బంగారంలాంటి పెళ్లాన్ని ఇంట్లో పెట్టుకుని, పిండిమిల్లు ఆవిడ గడప ఏడాదిపాటు అరగదీశాడు. ఆ వ్యవహారం తెగిపోయినా ఇంట్లో నోరు విప్పే దమ్ము లేదు. చెబితే భార్య వెళ్లిపోతుందని భయం. చెప్పకుండా ప్రభువు బల్లలో చెయ్యి వేయాలంటే అంతకన్నా భయం.

మొదటి వారం తనతో కలిపి ముప్ఫై ఎనిమిది మందికి ముప్ఫై ఏడే కోశాడు. అందరూ తీసుకున్నాక పళ్లెంలో ఒకటి మిగిలింది. లెక్క తప్పానేమో అనుకున్నాడు. మరుసటి వారం మూడుసార్లు లెక్కపెట్టి కోశాడు. మళ్లీ ఒకటి మిగిలింది. బయట పిట్టలకు వేస్తే, అవి చుట్టూ చేరి చూశాయే గానీ ముట్టలేదు. మూడో వారం మొండికెత్తి ముప్ఫై ఆరే కోశాడు. అందరికీ అందాయి, ఒకటి మిగిలింది. వేలితో తాకితే వెచ్చగా ఉంది. మేస్త్రికి ముచ్చెమటలు పోశాయి.

"ఏంటయ్యా, తేలు కుట్టిన దొంగలా అలా బిగుసుకుపోయావ్?" అంది భార్య.

"ఏం లేదులే."

నాలుగో ఆదివారం అసలు పొయ్యే వెలిగించలేదు. ఖాళీ పళ్లెం మీద తెల్లగుడ్డ కప్పి, "ఇప్పుడు మిగులు, చూస్తా!" అని పళ్లు నూరుతూ బయల్దేరాడు. సందు మలుపు తిరిగేసరికి అరచేతిలో పళ్లెం బరువెక్కింది. గుడ్డ ఎత్తి చూడబోయాడు, చెయ్యి రాలేదు.

బల్ల ముందు నిలబడ్డాక ఇక అతని వల్ల కాలేదు. అందరి ముందూ కక్కేశాడు, మిల్లుతో సహా. భార్య వైపు మాత్రం చూడలేకపోయాడు. పాస్టరుగారు గుడ్డ తీశారు. పళ్లెంలో ఒకే ఒక్క ముక్క, ఆవిరి కక్కుతూ ఉంది.

భార్య లేచి వచ్చింది. ఆ ముక్క తీసి అతని ముందు పట్టుకుంది.

"నాకు ఎండాకాలం నుంచే తెలుసు," అంది.

"వెళ్లిపోతావా?"

"అది ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం. నేనింకా క్షమించలేదు. క్షమిస్తానో లేదో కూడా తెలీదు. కానీ ఇది నేనిచ్చేది కాదుగా! వద్దన్నకొద్దీ వస్తోంది, చూస్తున్నావుగా. తిను."